ఆప్టికల్ స్విచ్ దారిలో కాంతి నష్టాన్ని తగ్గించడం: సమగ్ర మార్గదర్శి

ఒకే ఓటీడీఆర్‌ను (ఫైబర్‌లోకి కాంతి పల్స్ పంపి, తిరిగి వచ్చే కాంతిని బట్టి ఎంత దూరంలో ఎంత నష్టం ఉందో చూపే పరికరం) 1×8 ఆప్టికల్ స్విచ్ (ఒక ఫైబర్‌లోని కాంతిని ఎనిమిదింటిలో కోరినదానికి మళ్లించేది) ద్వారా ఎనిమిది కేబుల్ ఫైబర్లకు వంతులవారీగా కలిపి పర్యవేక్షించే అమరికను పెట్టినవారు తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "డేటాషీట్‌లో నష్టం 1 డీబీ అని ఉంది, నా కొలతలో మాత్రం రెండున్నర దాకా వస్తోంది, స్విచ్ మార్చాలా?" చాలా సందర్భాల్లో మార్చనక్కరలేదు. ఆ అదనపు నష్టం స్విచ్‌కు అటూ ఇటూ ఉన్న కనెక్టర్లలోనో, ఫైబర్ వంపుల్లోనో, కొన్నిసార్లు కొలిచిన పద్ధతిలోనో ఉంటుంది. ప్రతి పదో వంతు డీబీ (డెసిబెల్, కాంతి నష్టాన్ని చెప్పే కొలమానం) ఎక్కడ పోతోందో విడివిడిగా పట్టుకునే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణగా పై 1×8 సింగిల్ మోడ్ (సన్నని కోర్‌లో కాంతి ఒకే దారిన వెళ్లే ఫైబర్) అమరికనే తీసుకున్నాను. రక్షణ మార్గానికి మళ్లించే 1×2 స్విచ్‌కైనా, ప్రయోగశాలలోని మ్యాట్రిక్స్ స్విచ్‌కైనా ఇదే క్రమం సరిపోతుంది.

1. ముందుగా కాగితం మీద నష్టం లెక్క వేయండి

స్విచ్‌ను ర్యాక్‌లో బిగించక ముందే, ఓటీడీఆర్ ముఖం నుంచి బయటి కేబుల్ మొదలయ్యే ఓడీఎఫ్ (కేబుల్ ఫైబర్లను కలిపే ఫ్రేమ్) వరకు కాంతి వెళ్లే దారిని ఒక గీతగా గీయండి. ఆ గీత మీద కాంతి ఒక గాజు నుంచి మరొక గాజులోకి దాటే ప్రతి చోటా ఒక చుక్క పెట్టి, దాని పక్కన అక్కడ అనుమతించదగిన నష్టాన్ని రాయండి.

శుభ్రంగా ఉన్న మంచి కనెక్టర్ జతకు 0.3 డీబీ, ఫ్యూజన్ స్ప్లైస్‌కు (రెండు ఫైబర్లను కరిగించి అతికిన చోటు) 0.05 డీబీ, 1×8 మెమ్స్ స్విచ్‌కు (అతి చిన్న అద్దాలను తిప్పి కాంతిని మళ్లించేది) 1.0 డీబీ అని పెట్టుకుంటే లెక్క వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. పొడవు కొద్ది మీటర్లే కనుక లోపలి ప్యాచ్ కార్డులలోని (రెండు చివరలా కనెక్టర్లు ఉన్న పొట్టి ఫైబర్ తీగలు) గాజు నష్టాన్ని పట్టించుకోనక్కరలేదు.

డీబీలను నేరుగా కూడుకుంటూ పోవచ్చు. 1 డీబీ నష్టమైతే శక్తిలో సుమారు 79 శాతం మిగులుతుంది, 3 డీబీ అయితే సగమే మిగులుతుంది.

ఓటీడీఆర్ విషయంలో ఇది నేరుగా దూరానికి సంబంధించిన లెక్క. కాంతి స్విచ్ గుండా వెళ్లి, తిరిగి వచ్చినా, పరికరం ఒకవైపు నష్టాన్నే చూపిస్తుంది కనుక స్విచ్ దగ్గర పోయే ప్రతి 1 డీబీకి డైనమిక్ రేంజ్‌లో (పరికరం చూడగల మొత్తం నష్టంలో) 1 డీబీ తగ్గుతుంది. 1550 నానోమీటర్ల వద్ద ఫైబర్ నష్టం కిలోమీటరుకు 0.20 డీబీ అనుకుంటే, స్విచ్ గదిలో వృథాగా పోయిన 1 డీబీ బయట 5 కిలోమీటర్ల కేబుల్‌ను మీ చూపు నుంచి తప్పిస్తుంది.

స్విచ్ బదులు స్ప్లిట్టర్ పెట్టవచ్చు కదా అని కూడా కొందరు అడుగుతారు. 1×8 స్ప్లిట్టర్ కాంతిని ఎనిమిది భాగాలుగా పంచుతుంది కనుక ఆదర్శ స్థితిలోనే 9 డీబీ నష్టం తప్పదు. పైగా ఎనిమిది ఫైబర్ల నుంచి తిరిగి వచ్చే కాంతి ఒకే తెర మీద కలిసిపోతుంది. ఈ పనికి అది సరిపడదు.

2. డేటాషీట్‌ను చివరి గమనిక వరకు చదవండి

చాలా స్విచ్‌ల డేటాషీట్లలో పట్టిక కింద చిన్న అక్షరాలతో, చూపిన నష్టంలో కనెక్టర్ల నష్టం కలపలేదని రాసి ఉంటుంది. రెండు చివరలా కనెక్టర్లు ఉన్న స్విచ్‌కు ఈ ఒక్క గమనిక వల్లే 0.6 డీబీ తేడా వస్తుంది. కొనే ముందు ఈ కింది సంగతులు చూడండి.

- "సాధారణ" విలువ, "గరిష్ఠ" విలువ వేరువేరుగా ఉంటాయి. లెక్కలో గరిష్ఠ విలువనే వాడాలి.
- మీరు వాడే తరంగదైర్ఘ్యం స్విచ్ పరిధిలో ఉండాలి. నడుస్తున్న ఫైబర్‌ను పర్యవేక్షించడానికి 1625 లేదా 1650 నానోమీటర్లు వాడతారు. 1310, 1550 కోసమే రూపొందిన స్విచ్‌లో ఆ కాంతికి నష్టం పెరగవచ్చు.
- రిపీటబిలిటీ, అంటే అదే పోర్టుకు మళ్లీ మళ్లీ తిప్పినప్పుడు నష్టం ఎంత మారుతుందన్నది, ఎంతో రాసి ఉండాలి.
- పిగ్‌టెయిల్ (స్విచ్ నుంచి బయటికి వచ్చే ఫైబర్ తోక) రకం మీ కేబుల్ ఫైబర్‌కు సరిపోవాలి. మల్టీమోడ్ (వెడల్పు కోర్ గల ఫైబర్) స్విచ్ నుంచి వచ్చే కాంతిని సింగిల్ మోడ్ ఫైబర్‌లోకి పంపితే అది పదుల డీబీ స్థాయిలో పడిపోవచ్చు. పసుపు రంగు జాకెట్ సాధారణంగా సింగిల్ మోడ్‌కు, నారింజ, నీలిపచ్చ రంగులు మల్టీమోడ్‌కు గుర్తు.
- అనుమతించే గరిష్ఠ కాంతి శక్తి ఎంతో, కాంతి ప్రవహిస్తుండగా స్విచ్ తిప్పవచ్చో లేదో చూడాలి. యాంప్లిఫయర్ తర్వాత స్విచ్ పెట్టేవారికి ఇది అతి ముఖ్యం.

3. గాజు ముఖాల సంఖ్య తగ్గించండి

నష్టం తగ్గించడంలో ఇంతకు మించి ఫలితమిచ్చే పని లేదు. దీన్ని డిజైన్ దశలోనే చేయాలి, అమరిక పూర్తయ్యాక సరిచేయడం కష్టం.

ముందు పలకకు అడాప్టర్లు ఉన్న స్విచ్ పెట్టె తీసుకున్నారనుకోండి. ఓటీడీఆర్ ముఖం వద్ద ఒక జత, స్విచ్ లోపలికి ఒకటి, స్విచ్ నుంచి బయటికి ఒకటి, ఓడీఎఫ్ వద్ద ఒకటి, మొత్తం నాలుగు జతలు. 1.2 డీబీ కనెక్టర్లకు, 1.0 డీబీ స్విచ్‌కు పోతే మొత్తం 2.2 డీబీ.

అదే స్విచ్‌ను కనెక్టర్లు బిగించిన పొడవైన పిగ్‌టెయిల్స్‌తో తెప్పించుకుంటే, ఒక చివర నేరుగా ఓటీడీఆర్‌కు, ఎనిమిది చివరలు నేరుగా ఓడీఎఫ్ అడాప్టర్లకు వెళ్తాయి. రెండే జతలు, మొత్తం 1.6 డీబీ. మిగిలిన 0.6 డీబీతో 1550 వద్ద మరో 3 కిలోమీటర్లు కనిపిస్తాయి.

ఇంకా ముందుకు వెళ్లి ఓడీఎఫ్ వద్ద కూడా స్ప్లైస్ చేస్తే 1.35 డీబీకి దిగుతుంది కాని, నేను ఆ పని చేయవద్దనే చెబుతాను. ఏదైనా ఒక కేబుల్ తెగినప్పుడు ఆ ఫైబర్‌ను విడదీసి చేతి పరికరంతో పరీక్షించే వీలు ఉండాలి. పావు డీబీ కోసం ఆ వీలును పోగొట్టుకోవడం తగదు.

చేతిలో ఉన్న 1×2 స్విచ్‌లను వరుసగా కలిపి 1×8 తయారు చేయడం తరచుగా కనిపించే పొరపాటు. మూడు అంచెలు దాటాలి. అంచెకు 0.6 డీబీ చొప్పున 1.8, మధ్యలోని రెండు కనెక్టర్ జతలకు 0.6, మొత్తం 2.4 డీబీ. ఒకే మాడ్యూల్‌గా వచ్చే 1×8లో ఇది 1.0 దగ్గరే ఆగుతుంది.

ఏపీసీ, యూపీసీ కనెక్టర్లను ఎప్పుడూ ఒకదానికొకటి కలపవద్దు. ఆకుపచ్చ రంగు ఏపీసీ ముఖం 8 డిగ్రీల వాలుతో, నీలి రంగు యూపీసీ ముఖం నిటారుగా ఉంటుంది. రెండింటి మధ్య గాలి సందు ఏర్పడి అనేక డీబీల నష్టం రావడమే కాక, ముఖాలు దెబ్బతినవచ్చు. ఓటీడీఆర్ అమరికలో అన్ని చోట్లా ఏపీసీ వాడటం మేలు, ఎందుకంటే దగ్గరలో బలమైన పరావర్తనం వస్తే డెడ్ జోన్ (ఆ వెనుక ఓటీడీఆర్‌కు ఏమీ కనిపించని దూరం) పెరుగుతుంది.

4. సిద్ధం చేసుకోవలసినవి

- 1310, 1550 నానోమీటర్ల స్థిరమైన లేజర్ లైట్ సోర్స్, మీరు వాడేది 1625 లేదా 1650 అయితే అది కూడా
- పవర్ మీటర్, దానికి తగిన కనెక్టర్ అడాప్టర్
- మంచి నాణ్యత గల రెండు రిఫరెన్స్ కార్డులు (కొలతకు ప్రమాణంగా వాడే ప్యాచ్ కార్డులు), స్విచ్ కనెక్టర్ల రకానివే
- వీడియో మైక్రోస్కోప్, ఏపీసీకి వేరే మొనతో సహా (మామూలు మొనతో చూస్తే వాలు ముఖం చీకటిగానో, సగమో కనిపిస్తుంది)
- క్లిక్ క్లీనర్ (కనెక్టర్ ముఖాన్ని పొడిగా తుడిచే పరికరం): ఎస్సీ, ఎఫ్‌సీ రకం కనెక్టర్లకు 2.5 మిల్లీమీటర్లది, ఎల్‌సీకి 1.25 మిల్లీమీటర్లది
- 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాని తుడుపు కాగితాలు
- మల్టీమీటర్, లేబుళ్లు, కొలతల పుస్తకం

కేబుల్ పరీక్షకు ఓటీడీఆర్ ఉంది కదా అని దానితోనే స్విచ్ నష్టాన్ని కొలవాలని చూడవద్దు. స్విచ్, దాని రెండు కనెక్టర్లు కొద్ది మీటర్లలోనే ఉండటం వల్ల ఓటీడీఆర్ తెర మీద అవన్నీ ఒకే మెట్టుగా కలిసిపోతాయి. ఈ దశకు సోర్స్, పవర్ మీటరే సరైన పనిముట్లు.

5. శుభ్రపరచండి, చూడండి, అప్పుడే కలపండి

సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి వ్యాపించే మచ్చ వ్యాసం 1550 వద్ద 10.4 మైక్రాన్లు మాత్రమే. దాని మధ్యలో కూర్చున్న ఒక ధూళి రేణువు కాంతిని అడ్డుకోవడమే కాక, రెండు గాజు ముఖాలను ఎడంగా ఉంచి గాలి సందును సృష్టిస్తుంది.

మొదట సోర్స్ ఆపి, పవర్ మీటర్‌తో కాంతి లేదని నిర్ధారించుకోండి. ఈ కాంతి కంటికి కనిపించదు కనుక కంటితో చూసి నిర్ధారించడం ప్రమాదకరం. ఆ తర్వాత ఈ క్రమాన్ని పాటించండి.

మైక్రోస్కోప్‌లో ముఖాన్ని చూడండి. మురికి ఉంటే ముందు పొడి క్లీనర్‌తో ఒకసారి తుడవండి. పోకపోతే తుడుపు కాగితం అంచుకు కొద్దిగా ఆల్కహాల్ తడిపి, ముఖాన్ని తడి భాగం నుంచి పొడి భాగం వైపు ఒకే దిశలో లాగండి. ముందుకూ వెనక్కూ రుద్దితే తీసిన మురికినే తిరిగి పూసినట్లవుతుంది. మళ్లీ మైక్రోస్కోప్‌లో చూడండి. కోర్ (కాంతి ప్రయాణించే మధ్య భాగం) ప్రాంతంలో ఒక్క మరక, ఒక్క గీత కూడా లేనప్పుడే కలపండి.

అడాప్టర్‌కు అవతల ఉన్న ముఖాన్ని వదిలేయడం చాలామంది చేసే తప్పు. మీరు ఎంత శ్రద్ధగా ఒకవైపు తుడిచినా, అవతలి ముఖం మీద ఉన్న మురికి కలిపిన క్షణంలోనే ఇటు అంటుకుంటుంది. కొత్త ప్యాచ్ కార్డు మూత తీయగానే శుభ్రంగా ఉంటుందన్న నమ్మకం కూడా నిలవదు. ఆ ప్లాస్టిక్ మూత లోపలి నూగు, నూనె ముఖం మీదికి చేరుతాయి.

కోస్తా జిల్లాల్లో వానాకాలంలో ఏసీ గదిలోంచి బయటి క్యాబినెట్ దగ్గరికి తెచ్చిన కనెక్టర్ మూతను వెంటనే తీస్తే చల్లని గాజు ముఖం మీద తేమ పేరుకుంటుంది. బయటి వేడికి అలవాటు పడేదాకా దాన్ని మూతతోనే ఉంచండి. నోటితో ఊదడం, చొక్కా అంచుతో తుడవడం ఏ కాలంలోనూ చేయవద్దు.

6. పిగ్‌టెయిల్స్‌ను కొలతకు ముందే అమర్చండి

కొలిచాక ఫైబర్లను చుట్టి ట్రేలో పెడితే, ఆ చుట్టడంలో వచ్చిన నష్టం మీ పట్టికలో ఉండదు. కాబట్టి పిగ్‌టెయిల్స్‌ను చివరి స్థానంలో ఉంచి, లేబుల్ వేసి, ఆ తర్వాత కొలవండి.

మామూలు సింగిల్ మోడ్ రకమైన జీ.652డీ ఫైబర్‌కు వంపు వ్యాసార్ధం 30 మిల్లీమీటర్ల కన్నా తగ్గకుండా చూడండి. జీ.657ఏ2 రకం 7.5 మిల్లీమీటర్ల వరకు తట్టుకునేలా ప్రమాణీకరించబడింది కాని, స్విచ్ పిగ్‌టెయిల్ ఏ రకమో తెలియనప్పుడు 30నే పాటించాలి. ప్లాస్టిక్ టై బిగించి లాగడం వల్ల వచ్చే సన్నని నొక్కుడు కూడా వంపు లాంటిదే. వెల్క్రో పట్టీ వాడి, అది ఫైబర్ మీద సులువుగా జరిగేంత వదులుగా ఉంచండి.

స్విచ్ పెట్టెలోంచి పిగ్‌టెయిల్ బయటికి వచ్చే మొదటి కొద్ది సెంటీమీటర్లు నిటారుగా ఉండాలి. తలుపు మూసినప్పుడు అక్కడే మడత పడుతుంది. తలుపు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి కొలిచి చూస్తే ఈ లోపం వెంటనే బయటపడుతుంది.

7. రిఫరెన్స్ సరిగా తీసుకోండి

సోర్స్‌ను ఆన్ చేసి 15 నుంచి 30 నిమిషాలు వేడెక్కనివ్వండి. మొదటి రిఫరెన్స్ కార్డును సోర్స్‌కు, దాని మరో చివరను నేరుగా మీటర్‌కు కలిపి, మీటర్‌ను 0 డీబీకి అమర్చండి. ఇక పని పూర్తయ్యేదాకా సోర్స్ వైపు కనెక్టర్‌ను కదపవద్దు, ఎందుకంటే దాన్ని విప్పి మళ్లీ పెడితే కార్డులోకి వెళ్లే శక్తి మారిపోతుంది.

తర్వాత రెండో కార్డును ఒక అడాప్టర్‌తో మొదటి కార్డుకు కలిపి చూడండి. నష్టం 0.3 డీబీకి లోపే ఉండాలి. ఎక్కువ వస్తే కార్డులను శుభ్రపరచాలి, అప్పటికీ తగ్గకపోతే మార్చాలి. ఈ పరీక్షలో నెగ్గని కార్డులతో స్విచ్‌ను కొలవడం వృథా. ఒక అమరికలో మూడు రోజుల పాటు స్విచ్‌నే అనుమానించాక, లోపం అరిగిపోయిన రిఫరెన్స్ కార్డులో ఉందని తేలడం నేను స్వయంగా చూశాను. అప్పటి నుంచి ఈ పరీక్షను ఎన్నడూ దాటవేయలేదు.

ఇప్పుడు అడాప్టర్ స్థానంలో స్విచ్‌ను పెట్టండి. మీటర్ చూపే విలువలో స్విచ్ నష్టంతో పాటు రెండు కనెక్టర్ జతల నష్టం కూడా ఉంటుంది. మన లెక్క ప్రకారం అది 1.6 డీబీ.

రెండు కార్డులను కలిపి ఉంచి 0 డీబీకి అమర్చడం మరొక పొరపాటు. అలా చేస్తే ఒక జత నష్టం రిఫరెన్స్‌లో కలిసిపోయి, స్విచ్ వాస్తవం కన్నా మెరుగ్గా కనిపిస్తుంది. 1310 వద్ద రిఫరెన్స్ తీసుకుని 1550 వద్ద కొలవడం కూడా చెల్లదు. ప్రతి తరంగదైర్ఘ్యానికి విడిగా రిఫరెన్స్ ఉండాలి.

8. పోర్టుల వారీగా, రెండు తరంగదైర్ఘ్యాల వద్ద కొలవండి

ఎనిమిది పోర్టులు, రెండు తరంగదైర్ఘ్యాలు కలిపి పదహారు విలువలు వస్తాయి. ఒక్క పోర్టు కొలిచి మిగిలినవీ అంతే ఉంటాయని ఊహించవద్దు. మెమ్స్ స్విచ్‌లో ప్రతి పోర్టుకు అద్దం వేరే కోణంలో తిరుగుతుంది, ప్రతి పిగ్‌టెయిల్ వేరే దారిలో వెళ్తుంది.

ప్రతి పోర్టు నుంచి స్విచ్‌ను వేరే పోర్టుకు తిప్పి మళ్లీ వెనక్కి తెచ్చి, పదిసార్లు కొలవండి. అత్యధిక, అత్యల్ప విలువల తేడాను పక్కన రాయండి. చివర్లో మళ్లీ మొదటి కార్డును మీటర్‌కు కలిపి చూస్తే 0 డీబీకి 0.05 లోపల ఉండాలి. అంతకు మించి జరిగితే కొలతలన్నీ మళ్లీ తీసుకోవాలి.

9. అంకెలను బట్టి లోపం పట్టుకోండి

1550 వద్ద ఎనిమిది విలువలు 1.5, 1.6, 1.5, 2.4, 1.6, 1.5, 2.0, 1.5 అని వచ్చాయనుకుందాం. నాలుగో పోర్టు 1310 వద్ద 1.6, ఏడోది 2.1 చూపిస్తోంది. ఈ రెండు పోర్టుల జబ్బులు వేరువేరు.

నాలుగో దానిలో 1550 నష్టం 1310 కన్నా చాలా ఎక్కువగా ఉంది. పెద్ద తరంగదైర్ఘ్యం కోర్ బయటికి ఎక్కువగా వ్యాపిస్తుంది కనుక వంపు దగ్గర ముందుగా అదే జారిపోతుంది. ఎక్కడో పిగ్‌టెయిల్ మడత పడింది. 1625 వద్ద కొలిస్తే తేడా ఇంకా పెరుగుతుంది.

ఏడో దానిలో రెండూ ఎక్కువే, 1310 మరికొంచెం ఎక్కువ. రెండు కోర్లు పక్కకు జరిగినప్పుడు ఇలాగే వస్తుంది, ఎందుకంటే 1310 వద్ద కాంతి మచ్చ వ్యాసం 9.2 మైక్రాన్లే, చిన్న మచ్చకు అదే జరుగుడు ఎక్కువ నష్టం కలిగిస్తుంది. ఉదాహరణకు కోర్లు 1.5 మైక్రాన్లు పక్కకు జరిగితే 1550 వద్ద సుమారు 0.36 డీబీ, 1310 వద్ద సుమారు 0.46 డీబీ పోతుంది. ఆ పోర్టు కనెక్టర్‌ను శుభ్రపరచి, అడాప్టర్ మార్చి చూడండి. అడాప్టర్ లోపలి సిరామిక్ గొట్టం పగిలినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

మిగతా సందర్భాలు:

- అన్ని పోర్టుల్లో ఒకే మేరకు నష్టం పెరిగితే, అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న, కాంతి స్విచ్‌లోకి వచ్చే వైపు కనెక్టర్‌నో, రిఫరెన్స్‌నో అనుమానించండి.
- మళ్లీ మళ్లీ తిప్పినప్పుడు విలువ మారుతుంటే, స్విచ్ నడిపే వోల్టేజిని స్విచ్ కాళ్ల వద్దే మల్టీమీటర్‌తో కొలవండి. పొడవైన సన్నని తీగలో వోల్టేజి పడిపోతే లాచింగ్ స్విచ్ (కరెంటు ఆగినా ఉన్న స్థితిలోనే నిలిచేది) పూర్తిగా తిరగకుండా ఆగిపోవచ్చు. పల్స్ వెడల్పు కూడా డేటాషీట్ ప్రకారం ఉండాలి.
- కార్డును కొద్దిగా మెలితిప్పితే విలువ ఊగితే, అది వంపు కావచ్చు, ధ్రువణంపై (కాంతి కంపన దిశపై) ఆధారపడే నష్టం కావచ్చు. 1310 వద్ద కూడా అంతే ఊగితే రెండోదానికే అవకాశం ఎక్కువ.
- వోల్టేజి, కనెక్టర్లు, వంపులు అన్నీ సరిగ్గా ఉండి, ఒక పోర్టు విలువ డేటాషీట్ గరిష్ఠాన్ని దాటితే, అప్పుడు మాత్రమే స్విచ్‌ను తయారీదారుకు పంపండి. పెట్టె విప్పి లోపలి అద్దాలను సరిచేయాలని ప్రయత్నించవద్దు.

10. స్విచ్ సిలికాన్ చిప్ మీద ఉంటే

ప్రయోగశాలలో సిలికాన్ ఫోటోనిక్ స్విచ్‌లతో పనిచేసేవారికి రెండు చోట్ల నష్టం ప్రధానం: ఫైబర్ నుంచి చిప్‌లోకి దిగే చోట, అంచెల సంఖ్యలో.

ఫైబర్‌లో మచ్చ వ్యాసం సుమారు 10 మైక్రాన్లు ఉంటే, సిలికాన్ కాలువ వెడల్పు అర మైక్రాన్ చుట్టూ ఉంటుంది. మచ్చ పరిమాణాన్ని మార్చే అంచు కప్లర్‌తో, దానికి తగిన లెన్స్ ఫైబర్‌తో ఈ నష్టాన్ని తగ్గించాలి. గ్రేటింగ్ కప్లర్ (చిప్ పైభాగం నుంచి కాంతిని లోపలికి దింపేది) అమర్చడానికి సులువే కాని, తరంగదైర్ఘ్యానికి, ధ్రువణానికి, ఫైబర్ కోణానికి లొంగి ఉంటుంది. అదే చిప్ మీద స్విచ్ లేని సరళ కాలువను ముందుగా కొలిచి, ఆ విలువను తీసివేస్తేనే స్విచ్ అసలు నష్టం తెలుస్తుంది.

16×16 బెనెష్ అమరికలో (చిన్న 2×2 స్విచ్ మూలకాలను అంచెలుగా కలిపినది) కాంతి 7 అంచెలు దాటాలి, మొత్తం 56 మూలకాలు ఉంటాయి. అంచెకు 0.3 డీబీ పోయినా 2.1 డీబీ అవుతుంది. తయారీలో వచ్చే స్వల్ప తేడాల వల్ల ప్రతి మాక్-జెండర్ మూలకానికి (కాంతిని రెండు దారులుగా చీల్చి, తిరిగి కలిపి మళ్లించేది) సరైన హీటర్ వోల్టేజి వేరుగా ఉంటుంది. ఒకే వోల్టేజిని అన్నింటికీ ఇవ్వకుండా, వోల్టేజిని మెల్లగా పెంచుతూ కోరిన దారిలో శక్తి అత్యధికంగా, వద్దన్న దారిలో అత్యల్పంగా ఉన్న బిందువును ప్రతి మూలకానికి విడిగా నమోదు చేయాలి. పక్క హీటర్ల వేడి కూడా ఈ బిందువును జరుపుతుంది కనుక అన్నీ ఆన్‌లో ఉండగా మరోసారి సరిచూడండి.

11. అప్పగించేటప్పుడు రాసి ఉంచవలసినవి

పదహారు విలువల పట్టిక, ప్రతి పోర్టు రిపీటబిలిటీ, రిఫరెన్స్ కార్డుల గుర్తింపు, మీటర్ కాలిబ్రేషన్ తేదీ, గది ఉష్ణోగ్రత, ప్రతి ముఖం మైక్రోస్కోప్ చిత్రం. ఈ పట్టిక ప్రతిని ర్యాక్ తలుపు లోపల అంటించండి. ఆరు నెలలకోసారి అదే కార్డులతో అదే క్రమంలో కొలిచి, ఏ పోర్టు విలువైనా 0.3 డీబీకి మించి మారితే తొమ్మిదో విభాగంలోని వరుసలో పరీక్ష మొదలుపెట్టండి. ఓటీడీఆర్‌లో నిల్వ చేసే మూల ట్రేస్‌ను మాత్రం ఈ కొలతలన్నీ ముగిసి, తలుపు మూసిన తర్వాతే తీయండి. ముందు తీసిన ట్రేస్‌తో పోల్చితే, గదిలో మీరు సరిచేసిన కనెక్టర్ కూడా కేబుల్‌లో వచ్చిన మార్పుగా కనిపించి తప్పుడు అలారం మోగుతుంది.